తావో అనగా త్రోవ

మన దేశపు రైల్వే పటం ముందు పెట్టుకొని నల్లని గీతల వెంట వేలు పోనిస్తే, హౌరా దిక్కు నుంచి వచ్చే గీత ఒకటి, నాగపూర్ దిక్కు నుంచి వచ్చే గీత ఒకటి, కట్నీ వైపు నుంచి కొండలు దిగి వచ్చే గీత మరొకటి ఒకేచోట కలుసుకొంటాయి. ఆ చోటు బిలాసపూర్. అర్పా నది ఒడ్డున వున్న ఈ ఊరిని పెద్ద నగరంగా మార్చినది రాజులు కాదు, రైలు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. నాగపూర్ నుంచి అసన్‌సోల్ వరకు వెళ్లే దాని ప్రధాన మార్గం 1891లో పూర్తి అయినది. 1944లో ఆ కంపెనీ ప్రభుత్వపరమైనది. 1955 నుంచి ఆగ్నేయ రైల్వేలో భాగంగా వుండిన బిలాసపూర్, 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే అనే కొత్త జోనుకు ప్రధాన స్థానమైనది. 2000వ సంవత్సరంలో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినప్పుడు హైకోర్టు కూడా ఇక్కడికే వచ్చినది. అయినా నేటికీ ఊరి గుండె చప్పుడు స్టేషనులోనే వినిపిస్తుంది. బొగ్గు నింపుకొన్న గూడ్సు బండ్లు పగలనక రాత్రనక సాగిపోతూనే వుంటాయి.

స్టేషనుకు చేరువలోని రైల్వే కాలనీలలోను, బుధవారీ బజారులోను కాసేపు తిరిగితే తెలుగు చెవిని పడుతుంది. అది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగు. బెంగాల్ నాగపూర్ రైల్వే పట్టాలు వాల్తేరు దాకా వుండేవి. ఆ పట్టాల వెంటనే మనవారు గ్యాంగుమెన్లుగా, ఫైర్‌మెన్లుగా, ఫిట్టర్లుగా ఖడ్గపూర్‌కు, చక్రధర్‌పూర్‌కు, బిలాసపూర్‌కు తరలివెళ్లారు. 1928లో ఆ కంపెనీ కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించినది కూడా తెలుగువాడే. తరువాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి. 1931లో విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తి కావడంతో ఈ రాకపోకలు మరింత సులువైనాయి. వారి మనుమలు, మునిమనుమలు నేడు ఇక్కడివారే.

ఇటువంటి ఊరిలో కూర్చుని ప్రాచీన చీనా తత్త్వవేత్త లావో త్జు మాటలను గురించి ఆలోచించడం విడ్డూరంగా తోచవచ్చు. కాని ఆ మాటలలో మొదటిదీ ముఖ్యమైనదీ అయిన ‘తావో’కు అర్థం వెదకడానికి రైల్వే ఊరికంటె తగిన చోటు మరొకటి లేదేమో.

కొత్త వస్తువు వచ్చినప్పుడు భాష ఏమి చేస్తుందో రైలు విషయంలో తేటగా కనిపిస్తుంది. రైలు మన పల్లెలకు వచ్చినప్పుడు జనం చూసినది పొగ. కనుక ‘పొగబండి’ అన్నారు. పండితులు దానినే ‘ధూమశకటం’ అన్నారు. మొదటిది కంటితో చూసి పెట్టిన పేరు. రెండవది నిఘంటువులో చూసి పెట్టిన పేరు. చీనావారు పొగకు బదులు నిప్పును చూశారు. వారి భాషలో రైలుబండిని ‘హువో చ’ అంటారు, అనగా నిప్పుబండి. రైలు మార్గానికి వారు వాడే పేర్లలో ఒకటి ‘తియె తావో’. తియె అంటే ఇనుము. తావో అంటే దారి. లావో త్జు జగత్తుకు మూలమని చెప్పిన తావో, రైలు పట్టాల పేరులోని తావో ఒకే మాట, ఒకే లిపి చిహ్నం. 2013లో రద్దయ్యే వరకు చీనా రైల్వే మంత్రిత్వశాఖ పేరులో సైతం అదే తావో వుండేది. జపానులో ఆ చిహ్నాన్నే ‘దో’ అని పలుకుతారు. మన పిల్లలు నేర్చుకొనే జూడోలోని చివరి అక్షరం అదే. జూడో అంటే మెత్తని దారి.

ఆ చిహ్నంలో రెండు భాగాలున్నవి. ఒకటి నడకకు గుర్తు. రెండవది తలకు గుర్తు. ఈ మాటకు ‘చెప్పుట’ అనే అర్థం కూడా వున్నది. అందుచేతనే సుమారు అయిదువేల చిహ్నాల చిన్న పుస్తకం ‘తావో తే చింగ్’ మొదటి వాక్యంలోనే అనువాదకుని కాళ్లకు బంధం వేస్తుంది. ఆరు చిహ్నాల ఆ వాక్యంలో తావో మూడుసార్లు వస్తుంది. ఒకసారి దానికి అర్థం నడిచే దారి కాదు, నోటితో చెప్పడం.

తావోను మన భాషలో ఏమనాలి? బ్రహ్మమనాలా? ధర్మమనాలా? ఋతమనాలా? ఇంగ్లీషు అనువాదాలను ముందు పెట్టుకొని తెలుగు చేసేవారికి ఈ మూడు మాటలూ పిలవకుండానే కలం దగ్గరకు వస్తాయి. అయితే ఈ ప్రశ్న నేటిది కాదు. దాదాపు 1,400 సంవత్సరాల క్రిందట ఒకరు దీనిపై పెద్ద వాదమే చేశారు. ఆయన మన ప్రాంతానికి కొత్తవాడు కాడు. బిలాసపూర్ వున్న ఈ నేలమీదనే, ఇది దక్షిణకోసలంగా వుండిన కాలంలో, ఆయన సంచరించాడు. ఆయన హ్యూయన్‌త్సాంగ్.

చీనా నుంచి బయలుదేరి భారతదేశమంతా తిరిగిన ఈ యాత్రికుడు 639 ప్రాంతంలో కళింగం నుంచి అడవులు, కొండలు దాటి కోసలదేశం చేరాడు. ఆనాటి కోసల రాజధాని మహానది ఒడ్డున వున్న నేటి సిర్పూర్ అని చాలామంది పండితుల అభిప్రాయం. అక్కడ ఏడవ శతాబ్దపు ఇటుకల లక్ష్మణాలయం నేటికీ నిలిచి వున్నది. 1950 దశకంలో జరిగిన తవ్వకాలలో ఆనందప్రభు కుటీ విహారం వంటి బౌద్ధ కట్టడాలు బయటపడ్డాయి. ఈ దేశంలో నూరు విహారాలు, డెబ్బై దేవాలయాలు వున్నవని, ఆచార్య నాగార్జునుడు ఇక్కడ నివసించాడని హ్యూయన్‌త్సాంగ్ వ్రాశాడు. ఆయన జీవితచరిత్ర మరొక విశేషం చెబుతుంది. ఆయన ఇక్కడ తర్కశాస్త్రంలో నేర్పరి అయిన ఒక బ్రాహ్మణుని వద్ద నెలకు పైగా నిలిచి దిఙ్నాగుని ‘ప్రమాణ సముచ్చయం’ చదువుకొన్నాడు. మాటకు, అర్థానికి మధ్యగల సంబంధాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా తూచే శాస్త్రం అది.

ఇక్కడి నుంచి ఆయన దక్షిణానికి సాగి ఆంధ్రదేశం చేరాడు. వేంగి చూశాడు. ధాన్యకటకంలో కొన్ని నెలలు వుండి చదువుకొన్నాడు. ఆంధ్రదేశపు భాష మధ్యదేశపు భాషకు భిన్నమని, లిపి పద్ధతి మాత్రం చాలావరకు అదేనని ఆయన గమనించాడు. నేడు బిలాసపూర్‌లో తిరుపతి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవారు రాయపూర్, విజయనగరం మీదుగా పోయి, ప్రాచీన వేంగికి చేరువలోని ఏలూరు మీదుగా సాగిపోతారు. ఆయన నడిచిన బాట కచ్చితంగా ఇదే కాకపోవచ్చును గాని, దిక్కు అదే.

645లో ఆయన స్వదేశం చేరాడు. రెండేళ్లకు, 647లో, ఒక విచిత్రమైన పని ఆయన మీద పడింది. కామరూప రాజు భాస్కరవర్మ లావో త్జు గ్రంథాన్ని సంస్కృతంలో కోరాడని భారతదేశం నుంచి తిరిగి వచ్చిన రాయబారి తాంగ్ చక్రవర్తికి విన్నవించాడు. చక్రవర్తి హ్యూయన్‌త్సాంగ్‌ను పిలిచి, తావో మత పండితులతో కలిసి ఆ అనువాదం చేయమని ఆజ్ఞాపించాడు. అంతవరకు సంస్కృతం నుంచి చీనా భాషలోకి ప్రవహిస్తూ వచ్చిన ఏరు ఒక్కసారి ఎదురు తిరిగిందన్నమాట.

అనువాదం మొదటి మాట దగ్గరనే ఆగింది. తావోను ‘మార్గం’ అనాలని హ్యూయన్‌త్సాంగ్ అన్నాడు. త్సాయ్ హువాంగ్, చెంగ్ షువాన్‌యింగ్ మొదలైన తావో పండితులు ఒప్పుకోలేదు. ‘బోధి’ అనాలని వారి పట్టు. బౌద్ధ గ్రంథాలు చీనా భాషలోకి వచ్చినప్పుడు బోధి అనే మాటను తావో అనే కదా అనువదించారు, ఇప్పుడు మార్గం అనడమేమిటి అని వారు అడిగారు. దానికి ఆయన చెప్పిన సమాధానం సూటిగా వున్నది. బోధి అంటే మేలుకోవడం. మార్గం అంటే దారి. మీ మాటకు అర్థం దారి, మేలుకోవడం కాదు. నమ్మకపోతే భారతదేశం నుంచి వచ్చేవారిని అడిగి చూడండి. ఏడవ శతాబ్దపు బౌద్ధ చరిత్రకారుడు తావో షువాన్ ఈ వాదాన్నంతా గ్రంథస్థం చేశాడు. 1912లో ఫ్రెంచి పండితుడు పాల్ పెలియో దీనిని పాశ్చాత్య ప్రపంచానికి వివరంగా తెలిపాడు.

తావో పండితులు అడిగినది అన్యాయమేమీ కాదు. బౌద్ధం చీనాలో ప్రవేశించిన తొలి రోజులలో అనువాదకులు అక్కడి జనానికి అలవాటైన తావో మాటలనే అరువు తెచ్చుకొన్నారు. బోధికి తావో అన్నారు. నిర్వాణానికి ‘ఊ వెయ్’ అన్నారు. అర్హతునికి లావో త్జు, చువాంగ్ త్జు సంప్రదాయంలోని ‘నిజమైన మనిషి’ అనే పేరు పెట్టారు. శ్రోతకు తెలిసిన మాటతో తెలియని విషయం చెప్పడం సులభం. కాని రెండు వందల ఏళ్లు గడిచేసరికి, తాము చదువుతున్నది బుద్ధుడు చెప్పినదో, లావో త్జు చెప్పినదో తెలియని పరిస్థితి వచ్చింది. నాలుగవ శతాబ్దంలో తావో ఆన్ అనే బౌద్ధ పండితుడు ఈ జతకట్టే పద్ధతిని కాదన్నాడు. ఆయన తరువాత కుమారజీవుడు మరింత కచ్చితమైన మాటలు నెలకొల్పాడు. హ్యూయన్‌త్సాంగ్ ఆ తోవలో వచ్చినవాడు. పాత అప్పును మరొక అప్పుతో తీర్చడానికి ఆయన ఇష్టపడలేదు.

అయితే మార్గం అనే మాటతో సర్వం సమకూరిందని చెప్పలేము. బౌద్ధుని మార్గం ఒక గమ్యానికి తీసుకొనిపోతుంది. లావో త్జు తావోకు గమ్యం లేదు. అది సమస్తానికీ తల్లి వంటిది. మన సాహిత్యంలో ఈ మాటకు మరొక చరిత్ర కూడా వున్నది. మార్గకవిత అంటే సంస్కృత ఫణితి; దేశికవిత అంటే నేలమాట. జానుతెనుగును కోరుకొన్న పాల్కురికి సోమనాథుడు లావో త్జును తెనిగించి వుంటే ‘మార్గం’ అనడానికి సందేహించేవాడేమో! మన భాషలో దారి వున్నది, త్రోవ వున్నది, బాట వున్నది, తెన్ను వున్నది. ‘దారికి వచ్చాడు’ అంటే బుద్ధి తెచ్చుకొన్నాడని అర్థం. ‘వేరే దారి లేదు’ అంటే ఉపాయం లేదని. ‘ఎవరి దారి వారిది’ అంటే ఎవరి తీరు వారిదని. కాలి నడక, బుద్ధి, ఉపాయం, తీరు అన్నీ ఒక్క దారిలోనే ఇమిడి వున్నవి. చీనా తావోలోనూ సరిగ్గా ఇదే కలగలుపు. మనకు చేతిలోనే వున్న మాటను వదిలి ఆకాశంలోకి ఎందుకు చూడాలి?

తక్కిన మాటలకూ ఇదే వరస. ‘ఊ వెయ్’ అంటే అక్షరాలా ‘చేయకుండుట’. దీనికి నిష్కామకర్మ అని పేరు పెడితే గీత చదివిన పాఠకుడు తలపంకించి పుట తిప్పుతాడు. కాని ఫలాన్ని కోరకపోవడం వేరు, పనిలో బలవంతం లేకపోవడం వేరు. బిలాసపూర్‌లో ఇంజను నడిపి పదవీ విరమణ చేసిన ఒక తెలుగు పెద్దాయనతో ఈ మాట ప్రస్తావించాను. ఆయన లావో త్జు పేరు వినలేదు. కట్నీ లైనులో భన్వర్‌టోంక్ నుంచి ఖోంగ్‌సరాకు దిగే ఘాటు సంగతి మాత్రం చెప్పాడు.

“ఎక్కేటప్పుడు బండిని నడపాలి బాబూ. దిగేటప్పుడు నడపకూడదు, నడవనివ్వాలి” అన్నాడు.

“అంటే ఊరికే కూర్చోవడమేనా, బాబాయిగారూ?”

“ఊరికే కూర్చుంటే ఇంకేమన్నా వుందా! బండి బరువు తెలియాలి, వాలు తెలియాలి, బ్రేకు ఎప్పుడు ఎంత పట్టాలో చేతికి తెలియాలి. కొత్తవాడు ఎక్కువ పట్టి పాడుచేస్తాడు. చేయి తిరిగినవాడు చేసింది కనబడదు.”

నడపడం, నడవనివ్వడం. ఈ రెండు క్రియల మధ్యగల తేడాయే ఊ వెయ్. చువాంగ్ త్జు గ్రంథంలో ఒక వంటవాడున్నాడు. పందొమ్మిదేళ్లుగా ఒకే కత్తితో పశుమాంసం కోస్తున్నా దాని పదును పోలేదు. ఎందుకంటే అతడు ఎముకను కొట్టడు, కీళ్ల మధ్య సందులోనుంచి కత్తిని పోనిస్తాడు. ఆ వంటవానికీ ఘాటు దిగే డ్రైవరుకూ పని ఒక్కటే.

‘జిరాన్’ అనే మాటను సాధారణంగా ప్రకృతి అంటారు. కాని ఆ మాటలోని రెండు చిహ్నాలకు అర్థం ‘తనంతట తాను అట్లా వుండుట’. దీనికి తెలుగులో నిఘంటువు తిప్పనక్కరలేదు. ‘దానంతట అదే’ అని పొలంలోనూ వంటింట్లోనూ రోజూ అంటూనే వున్నాము. పుండు దానంతట అదే మానింది. పాలు దానంతట అదే తోడుకొంది. ప్రకృతి అనగానే సాంఖ్యపు పురుషుడు పక్కన వచ్చి నిలుచుంటాడు. దానంతట అదే అంటే ఎవరూ రారు.

‘తే’ అనే మాట ఇంకా జటిలమైనది. పుస్తకం పేరులోనే అది వున్నది. 1973లో హునాన్ రాష్ట్రంలోని మావాంగ్‌తుయ్ సమాధిలో పట్టుపై వ్రాసిన ప్రతులు దొరికినప్పుడు, వాటిలో తేను గురించిన భాగమే ముందు, తావోను గురించినది తరువాత వున్నట్లు తేలినది. ఇంగ్లీషులో కొందరు దీనిని సుగుణం అన్నారు. ఆర్థర్ వేలీ 1934లో శక్తి అన్నాడు. ఒక వస్తువు తాను తానుగా వుండడం వల్ల దానికి గల ప్రభావం తే. మన ‘గుణం’ చూడండి. ‘ఆయన గుణవంతుడు’ అంటాము. ‘మందు గుణమిచ్చింది’ అనీ అంటాము. ఇంగ్లీషు రెండు మాటలతో పట్టుకోలేకపోయిన దానిని వైద్యుని గుమ్మం దగ్గర మన ముసలమ్మ ఒక్క మాటతో పట్టుకొంటుంది.

‘పు’ అంటే చెక్కని కలప. లావో త్జు దృష్టిలో మనిషి వుండవలసిన స్థితి అది. తెలుగులో దీనిని మొద్దు అనాలి. కాని మన దగ్గర మొద్దు అంటే తిట్టు! చెక్కినదానికే విలువ ఇచ్చే అలవాటు మనది. ఛత్తీస్‌గఢ్ అడవుల సాల వృక్షాలు ఒకనాడు నలుపలకలుగా చెక్కబడి రైలు పట్టాల కింద స్లీపర్లుగా పడుకొన్నాయి. నేడు ఆ చోట కాంక్రీటు దిమ్మెలున్నవి. అడవిలో నిలిచి వున్న మానును చూసి ఇది ఎన్ని స్లీపర్లకు వస్తుందని లెక్కవేయనివానికే పు అనే మాట బోధపడుతుంది. ఇక్కడ ‘మొద్దు’ అన్నా ‘చెక్కని మాను’ అన్నా, పాఠకుడు ఒక్క క్షణం తడబడక తప్పదు. ఆ తడబాటు పోగొట్టి ‘శుద్ధ చైతన్యం’ అని వ్రాస్తే వాక్యం నునుపుగా వుంటుంది. అందులో లావో త్జు వుండడు.

ఇంతకూ నష్టం ఏమిటని అడగవచ్చు. పాఠకునికి తెలిసిన గొప్ప మాటలన్నీ పరిచి స్వాగతం చెబితే, పరాయి దేశపు గ్రంథం చదివి ‘ఇదంతా మన పెద్దలు చెప్పినదే’ అని అతడు తృప్తిగా పుస్తకం మూస్తాడు. ఆ తృప్తిలో ఒక మనిషి గొంతు ఆరిపోతుంది. రెండున్నర వేల ఏళ్లుగా నిలిచిన ఆ గొంతు మనకు చెప్పవలసినది ఏదైనా వుంటే, అది మనకు ముందే తెలిసిన మాటలలో వుండదు.

ఈ సంగతి గ్రంథాలకు మాత్రమే సంబంధించినది కాదు. డ్రైవరుగారి మనుమరాలు కళాశాలలో చదువుతున్నది. తెలుగు మాట్లాడుతుంది; చదవలేదు. నేను చదివిన ఒక వాక్యం విని, “తాతయ్యా, త్రోవ అంటే ఏమిటి?” అని అడిగింది.

“రాస్తా, అమ్మా” అన్నాడాయన.

“మరి రాస్తా అనొచ్చు కదా?”

పెద్దాయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “రాస్తా మీద బస్సు పోతుందమ్మా. త్రోవన మనిషి పోతాడు. మా తాత పని వెతుక్కుంటూ మన ఊరు విడిచిపెట్టినది త్రోవనే” అన్నాడు.

ఆ పిల్ల ఆ మాటను తన సెల్‌ఫోనులో నాగరి లిపిలో వ్రాసుకొన్నది. లిపి ఏదైతేనేమి! నాలుగు తరాల క్రిందట బయలుదేరిన ఒక మాట ఆ రోజుకు ఆ ఇంట్లో మిగిలినది.

హ్యూయన్‌త్సాంగ్ పూనుకొన్న ఆ సంస్కృత అనువాదపు ప్రతి ఒక్కటి కూడా నేటికి దొరకలేదు. మిగిలినది ఒక మాట మీద జరిగిన వాదం మాత్రమే. రాజాజ్ఞ వున్నది, ఎదుటివారు ముప్పై మందికి పైగా వున్నారు, బోధి అని వ్రాసి వుంటే అందరూ సంతోషించేవారు. బౌద్ధునికి అంతకంటె పవిత్రమైన మాట లేదు. ఆ పవిత్రమైన మాటను ఇతరుల గ్రంథానికి అలంకారంగా పెట్టడానికి ఆయన నిరాకరించాడు. ఆ నిరాకరణలో తన మతంపై ఎంత గౌరవం వున్నదో, ఆ ఇతరుల మాటపైనా అంతే గౌరవం వున్నది. దారి అని చెప్పినవానిని దారి అనే చెప్పనిచ్చాడు. తావోను తెలుగు చేయబూనేవారికి ఆయన చూపిన త్రోవ ఇప్పటికీ తెరిచే వున్నది.